మంచుబండికి ఏ నూనె పోయాలి?



ఈ నెల మన ప్రశ్నల సంచిలో ఒక చిత్రమైన ప్రశ్న దొరికింది. ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి ఇట్లా రాసింది:

"మాస్టారూ! కెనడాలో వుంటున్న మా మామయ్య మంచుమీద పరుగెత్తే బండి ఒకటి కొన్నాడు. దానికి ఫోర్‌స్ట్రోక్ ఇంజను వున్నదట. మా నాన్నగారి మోటారు సైకిలుదీ ఫోర్‌స్ట్రోక్ ఇంజనే. కాని నాన్నగారు పోసే నూనె ఆ బండికి పనికిరాదని మామయ్య చెప్పాడు. ఇంజన్లు రెండూ ఒకటే జాతివి అయినప్పుడు నూనెలు వేరెందుకు?"

ప్రశ్న చాలా బాగున్నది. మన వూళ్ళలో మంచు గడ్డకట్టదు గదా, దీనితో మనకేం పని అనుకోకండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, మీ వీధి చివర మెకానిక్కు దుకాణంలో వరసగా పేర్చిన నూనె డబ్బాలమీద వుండే అంకెలన్నీ మీకు అర్థమవుతాయి.

మంచుబండి కథ

మంచుబండిని స్నోమొబైల్ అంటారు. మన దేశంలో కాశ్మీరులోని గుల్‌మార్గ్‌కు చలికాలంలో వెళ్ళినవారు దాన్ని చూసి వుంటారు. అక్కడ దాన్ని స్నో స్కూటర్ అని పిలుస్తారు. దానికి ముందు చక్రానికి బదులు రెండు పొడుగాటి స్కీ బద్దలు వుంటాయి. హాండిల్ తిప్పితే అవి తిరుగుతాయి. వెనక చక్రానికి బదులు వెడల్పయిన రబ్బరు పట్టా వుంటుంది. అది గుండ్రంగా తిరుగుతూ మంచును వెనక్కు నెట్టి బండిని ముందుకు తోస్తుంది. బరువంతా పట్టాపొడుగునా పరుచుకుంటుంది గనక బండి మంచులో కూరుకుపోదు.

ఇటువంటి బండి కోసం ఎంతో పాటుపడినవాడు జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే. ఆయన 1907 లో కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే వూళ్ళో పుట్టాడు. చిన్నతనం నుంచీ ఆయనకు యంత్రాలంటే ప్రాణం. 1922 లో, తన 15 వ ఏట, ఒక పాత ఫోర్డు కారు ఇంజనును మంచుమీద జారే చెక్కబండికి బిగించి, వెనక విమానానికి వుండేటటువంటి పంకా అమర్చి, వూళ్ళో నడిపాడు. ఆ పంకా ఎవరి చేతిని తెగగొడుతుందోనని తండ్రి భయపడి, దాన్ని వెంటనే వూడదీయమన్నాడు!

ఆ రోజుల్లో చలికాలం వస్తే అక్కడి పల్లెదారులు మంచులో మునిగిపోయేవి. 1934 చలికాలంలో బొంబార్డియే రెండేళ్ళ కొడుకుకు కడుపులో గండంలాంటి జబ్బు చేసింది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కాని దారి లేదు. బిడ్డ దక్కలేదు. ఆ తండ్రి తన పని మానలేదు. 1937 లో, పళ్ళచక్రంతో పట్టాను తిప్పే పద్ధతికి పేటెంటు సంపాదించాడు. ఆ పద్ధతిలో తయారైన పెద్ద బండ్లు మంచుదారుల వెంట రోగులనూ, తపాలా మూటలనూ, బడిపిల్లలనూ మోసుకుపోయాయి. 1959 లో ఆయన ఒకరిద్దరు కూర్చునే చిన్న బండిని అమ్మకానికి పెట్టాడు. దాని పేరు స్కీ-డూ.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మంచుబండి కేవలం షికారు బండి కాదు. ఉత్తర దేశాలలో వేటగాళ్ళూ, రెయిన్‌డీర్ మందలు కాసేవారూ, కాపాడే దళాలవారూ దానిమీద ఆధారపడతారు. అది రోడ్డు లేనిచోటికి పోతుంది. చుట్టూ పాతిక మైళ్ళ మేర మనిషి జాడ లేనిచోట, మైనస్ 35 డిగ్రీల చలిలో, తెల్లవారి బండి కదలకపోతే ఏమవుతుంది? నడిచి రాగలమా? అందుచేత ఆ బండి యజమానికి నూనె డబ్బా ఎన్నుకోవటం చిన్న విషయం కాదు.

రెండు స్ట్రోకులు, నాలుగు స్ట్రోకులు

ఇంజనులో ఒక గొట్టం వుంటుంది. అది సిలిండర్. దానిలో కిందికీ పైకీ ఆడే ముక్క పిస్టన్. పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికో, కిందినుంచి పైకో పోతే దాన్ని ఒక స్ట్రోక్ అంటారు. ఫోర్‌స్ట్రోక్ ఇంజను నాలుగు స్ట్రోకులలో ఒక పని పూర్తిచేస్తుంది: గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చటం ఒకటి, దాన్ని అదిమిపట్టటం రెండు, నిప్పురవ్వతో మండించి బలం పుట్టించటం మూడు, పొగను బయటికి తోసెయ్యటం నాలుగు. టూస్ట్రోక్ ఇంజను ఈ పనినంతా రెండే స్ట్రోకులలో ముగిస్తుంది.

తొలి స్కీ-డూలో వున్నది చిన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజనే. తరవాత తేలికగా వుంటుందని టూస్ట్రోక్ ఇంజన్లు వచ్చి, చాలా ఏళ్ళు అవే రాజ్యమేలాయి. వాటికి పొగా, రొదా ఎక్కువ. యమాహా కంపెనీవారు 2003 మోడలుగా ఆర్‌ఎక్స్-1 అనే బలమైన ఫోర్‌స్ట్రోక్ మంచుబండిని తీసుకురావటంతో ఫోర్‌స్ట్రోక్‌కు మళ్ళీ మంచిరోజులు వచ్చాయి. ఇప్పుడు రెండు రకాల బండ్లూ మంచుమీద తిరుగుతున్నాయి.

నూనె విషయంలో ఈ రెంటికీ ఏనుగుకూ ఎలుకకూ వున్నంత తేడా వున్నది. టూస్ట్రోక్ ఇంజనులో నూనె పెట్రోలుతో పాటు లోపలికి పోయి, పని చేసి, మండిపోతుంది. ఏ పూట నూనె ఆ పూటకే ఖర్చు. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో నూనె మండకూడదు. అది అడుగు తొట్టిలోనో, పక్కనే వుండే వేరే తొట్టిలోనో నిలవ వుంటుంది. పంపు దాన్ని తోడి ఇంజను అంతటా తిప్పుతుంది. మళ్ళీ తొట్టిలోకి వస్తుంది, మళ్ళీ పోతుంది. అదే నూనె నెలల తరబడి చాకిరీ చేయాలి. కాబట్టి మొదటి సూత్రం రాసుకోండి: టూస్ట్రోక్ నూనెను ఫోర్‌స్ట్రోక్ తొట్టిలో పోయకూడదు. అది మండిపోవటానికి తయారైనదేగాని, నిలిచి పనిచేయటానికి కాదు.

నూనె చేసే పని

మన పల్లెల్లో ఎద్దుబండి ఇరుసుకు కందెన పూయటం మీ తాతగారి నడిగితే చెబుతారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి, ఇరుసుకు పట్టించేవారు. కందెన లేని బండి మైలు దూరం నుంచే కిర్రుమని చెప్పేస్తుంది. ఇరుసుకూ చక్రానికీ మధ్య నూనెపొర నిలిస్తే రెండూ ఒకదాన్నొకటి తాకవు. తాకకపోతే అరగవు.

మీకు తెలుసో లేదో, తొలినాటి విమానాల ఇంజన్లలోనూ ఆముదం పోసేవారు. కాస్ట్రాల్ అనే నూనె పేరు కూడా ఆముదానికి వున్న ఇంగ్లీషు పేరు నుంచే 1909 లో పుట్టింది. మన తెలంగాణ మెట్టపొలాల్లో పండే ఆముదాలకూ, ఆకాశంలో ఎగిరిన ఇంజన్లకూ అంత దగ్గరి చుట్టరికం!

ఎద్దుబండి చక్రం నిమిషానికి కొద్దిసార్లు తిరుగుతుంది. మంచుబండి ఇంజను నిమిషానికి 8,000 సార్లు తిరగగలదు. ఆ వేగంలో పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య, తిరిగే కడ్డీకీ దాన్ని పట్టుకునే బేరింగుకూ మధ్య వుండేది వెంట్రుక కంటె పలచని నూనెపొర. అది తెగితే లోహం లోహాన్ని కొరుకుతుంది. ఇంతేకాదు, నూనె వేడిని మోసుకుపోతుంది, మసినీ మురికినీ తనలో పట్టుకుంటుంది, లోహానికి తుప్పు పట్టనివ్వదు. ఒక్క పనివాడు నాలుగు వుద్యోగాలు చేస్తాడన్నమాట.

చలి చేసే చిక్కు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తీస్తే ఏమవుతుంది? గడ్డకట్టి వుంటుంది. అమ్మ దాన్ని ఎండలోనో, వేడినీళ్ళలోనో పెడుతుంది. నెయ్యి గిన్నె కూడా అంతే. బెల్లంపాకం పొయ్యిమీద వున్నంతసేపు జారుతుంది, దించి చల్లారనిస్తే గరిటె కదలదు. వేడికి పలచబడటం, చలికి చిక్కబడటం నూనెల గుణం. ఈ చిక్కదనాన్ని పాఠ్యపుస్తకాలలో స్నిగ్ధత అంటారు.

మన వూళ్ళలో చలి అంటే 10, 12 డిగ్రీలు. కెనడాలోని ఎడ్మంటన్‌లోనూ, ఫిన్లండ్ ఉత్తరాన వున్న లాప్లండ్‌లోనూ మైనస్ 30 డిగ్రీలు చవిచూడని ముసలివారు వుండరు. ఒక్కొక్క రాత్రి మైనస్ 40 కి కూడా దిగుతుంది. ఇక్కడ ఒక వింత చెబుతాను. సెంటీగ్రేడులో మైనస్ 40 అన్నా, ఫారెన్‌హైట్‌లో మైనస్ 40 అన్నా ఒకటే చలి. రెండు కొలతలూ కలిసే చోటు అదొక్కటే. కావలిస్తే లెక్క వేసి చూడండి.

బండి ఆగిన తరవాత నూనె అంతా జారి తొట్టిలోకి దిగిపోతుంది. తెల్లవారి బండి కదిలించేటప్పుడు రెండు పనులు జరగాలి. ఒకటి: ఇంజను తిరగాలి. నూనె బంకలాగా వుంటే స్టార్టరు మూలుగుతుందేగాని ఇంజను తిరగదు. రెండు: ఇంజను తిరిగిన వెంటనే పంపు నూనెను తోడి పైకి పంపాలి. నూనె జావలాగా గడ్డకట్టి వుంటే పంపుకు ఏం దొరుకుతుంది? గిన్నెలో పేరుకున్న పెరుగుమీద ఒకచోట గరిటెతో తీస్తే అక్కడ గుంట పడి వుండిపోతుంది గాని, చుట్టూ వున్న పెరుగు వచ్చి పూడ్చదు. అట్లాగే పంపు తన నోటి దగ్గర వున్న నూనె తోడుకుంటుంది. అక్కడ గుంట పడుతుంది. తరవాత గాలి తాగుతుంది. ఇంజను మాత్రం తిరుగుతూనే వుంటుంది, నూనె లేకుండా!

ఈ రెండో ఆపద మొదటిదానికంటె పెద్దది. బండి కదలకపోతే మనిషి ఆగిపోతాడు, ఇంజను మిగులుతుంది. బండి కదిలి నూనె కదలకపోతే ఇంజనే పోతుంది. 1980-81 చలికాలంలో అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, స్యూ ఫాల్స్ పట్టణంలో ఇదే జరిగింది. చాలా కార్లు చలిలో చక్కగానే కదిలాయి. కాని కొద్దిసేపట్లో ఇంజన్లు పాడయ్యాయి. కారణం వెతికితే, చలి నెమ్మదిగా దిగుతూ వచ్చినప్పుడు కొన్ని నూనెలలో జావ వంటి కట్టు ఏర్పడిందని తేలింది. త్వరగా చల్లార్చి చేసిన పాత పరీక్షలలో ఆ లోపం బయటపడలేదు. అప్పటి నుంచి నూనెను నెమ్మదిగా చల్లార్చి, పంపు తోడగలదా లేదా అని పరీక్షించే పద్ధతి వచ్చింది. తోడుకున్న పెరుగుకూ పాలకూ తేడా మనకు కంటితో తెలుస్తుంది. నూనె డబ్బాలోకి తొంగిచూస్తే తెలియదు. అందుకే డబ్బామీద అంకెలు వేస్తారు.

డబ్బామీది అంకెలు

అమెరికాలో మోటారు ఇంజనీర్ల సంఘం ఒకటి వున్నది. దాన్ని ఎస్.ఎ.ఇ. అంటారు. వారు 1911 లో మొదటిసారి నూనెలను చిక్కదనాన్నిబట్టి తరగతులుగా విడదీశారు. ఆ లెక్కలే పెరిగి పెరిగి నేటి డబ్బాలమీద 20డబ్ల్యూ-40 అనీ, 10డబ్ల్యూ-30 అనీ, 0డబ్ల్యూ-40 అనీ కనిపిస్తున్నాయి.

డబ్ల్యూ అంటే వింటర్, అనగా చలికాలం. డబ్ల్యూకు ముందున్న అంకె నూనె చలిలో ఎట్లా ప్రవర్తిస్తుందో చెబుతుంది. ఆ అంకె ఎంత చిన్నదయితే నూనె అంత పెద్ద చలిని ఓర్చుకుంటుంది. ఎంత చలిలో పరీక్ష పెడతారో చూడండి:

0డబ్ల్యూ నూనె: ఇంజను తిప్పే పరీక్ష మైనస్ 35 డిగ్రీల దగ్గర, పంపు తోడే పరీక్ష మైనస్ 40 దగ్గర.

5డబ్ల్యూ నూనె: తిప్పే పరీక్ష మైనస్ 30, తోడే పరీక్ష మైనస్ 35.

10డబ్ల్యూ నూనె: తిప్పే పరీక్ష మైనస్ 25, తోడే పరీక్ష మైనస్ 30.

15డబ్ల్యూ నూనె: తిప్పే పరీక్ష మైనస్ 20, తోడే పరీక్ష మైనస్ 25.

20డబ్ల్యూ నూనె: తిప్పే పరీక్ష మైనస్ 15, తోడే పరీక్ష మైనస్ 20.

గమనించారా? అంకె 5 పెరిగినప్పుడల్లా 5 డిగ్రీల చలి తగ్గుతూ వచ్చింది. ఇంకొక సంగతి: ప్రతి నూనెకూ తోడే పరీక్ష, తిప్పే పరీక్షకంటె 5 డిగ్రీలు ఎక్కువ చలిలో పెట్టారు. ఇంజను తిరిగేటంత చలిలో నూనె తప్పకుండా కదిలి తీరాలి. స్యూ ఫాల్స్ కార్లకు పట్టిన గతి పట్టకూడదు గదా!

గీత తరవాత వున్న రెండో అంకె, ఇంజను బాగా వేడెక్కినప్పుడు, అంటే 100 డిగ్రీల దగ్గర, నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 30 కంటె 40 చిక్కన, 40 కంటె 50 చిక్కన.

చాలామంది ఇక్కడే పొరపడతారు. "సున్నా నూనె నీళ్ళలాగా వుంటుంది, ఇంజను అరిగిపోతుంది, చిక్కటి నూనె పోస్తేనే ఇంజనుకు బలం" అంటారు. ఇది నిజం కాదు. 0డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 నూనెలు రెండూ వేడి ఇంజనులో ఒకే తరగతివి. తేడా అంతా చల్లటి పొద్దుటిపూటే. పైగా సున్నా నూనె కూడా మైనస్ 35 డిగ్రీల దగ్గర తేనెవలె చిక్కబడుతుంది. అక్కడ 20డబ్ల్యూ నూనె పరిస్థితి మీరే వూహించుకోండి.

ఒకే నూనె రెండు వేషాలు ఎట్లా వేస్తుంది? నూనెలో కొన్ని పొడుగాటి అణువులను కలుపుతారు. అవి చలిలో వుండలు చుట్టుకుని ముడుచుకు కూర్చుంటాయి, నూనెకు అడ్డం రావు. వేడిలో విప్పుకుని సాగుతాయి, నూనె మరీ పలచబడకుండా పట్టి వుంచుతాయి. చలికి మనం ముడుచుకుని పడుకుని, వేసవిలో చేతులు బార్లా చాపి పడుకోమూ? అట్లాగే!

మామూలు నూనె, సింథటిక్ నూనె

భూమిలోంచి తీసిన ముడి చమురును శుద్ధిచేసి మామూలు నూనె తయారుచేస్తారు. దానిలో కొంత మైనం మిగిలి వుంటుంది. చలిలో ఆ మైనం పలుకులు కట్టి, ఒకదానితో ఒకటి అల్లుకుని నూనెను కదలనివ్వదు. సింథటిక్ నూనెలలో మేలైన వాటిని, రసాయన శాలలో ఒకే పోలికగల అణువులను కూర్చి తయారుచేస్తారు. వాటిలో మైనం వుండదు. అందుచేత అవి గొప్ప చలిలోనూ జారుతాయి. వేడిలో త్వరగా చెడవు కూడా. ధర ఎక్కువే. కాని మంచు దేశాలవారు 0డబ్ల్యూ నూనె కావాలన్నప్పుడు సాధారణంగా సింథటిక్ నూనే కొనవలసి వస్తుంది.

మిగిలిన గుర్తులు

డబ్బామీద ఎ.పి.ఐ. అని వుండి, పక్కన ఎస్ తో మొదలయ్యే రెండక్షరాలు వుంటాయి: ఎస్.జి., ఎస్.ఎల్., ఎస్.ఎన్. అని. ఇది నూనె గుణానికి ఇచ్చిన తరగతి. రెండో అక్షరం వర్ణక్రమంలో వెనక్కు పోయేకొద్దీ తరగతి కొత్తది. 2020 లో ఎస్.పి. అనేది వచ్చింది. బండి పుస్తకంలో "ఎస్.జి. గాని, అంతకంటె పైది గాని" అని వుంటే దాని అర్థం ఇదే.

ఇక మన మోటారు సైకిలు సంగతి. దానిలో ఇంజనూ, గేర్లూ, క్లచ్చీ అన్నీ సాధారణంగా ఒకే నూనెలో మునిగి వుంటాయి. నూనె మరీ జారుడుగా వుంటే క్లచ్చి పలకలు జారిపోతాయి. అందుకని మోటారు సైకిలు నూనె మీద జాసో ఎం.ఎ. అనే గుర్తు వుంటుంది. ఈ నూనె క్లచ్చిని జారనివ్వదని దాని భావం. మంచుబండిలో క్లచ్చి నూనెలో మునగదు. ఇంజను బయట రెండు కప్పీలూ, వాటిమధ్య ఒక రబ్బరు బెల్టూ వుంటాయి. వేగాన్నిబట్టి కప్పీలు దగ్గరికీ దూరానికీ జరిగి గేర్ల పని తామే చేస్తాయి. ఇటువంటి ఏర్పాటు మీరు ఎక్కడ చూశారు? మన వీధుల్లో తిరిగే గేర్లు లేని స్కూటరులో! మంచుబండి ఈ విషయంలో మోటారు సైకిలుకంటె స్కూటరుకే దగ్గరి చుట్టం.

కాబట్టి అమ్మాయీ, మీ నాన్నగారి నూనె చెడ్డదని కాదు. 10డబ్ల్యూ-30 గాని, 20డబ్ల్యూ-40 గాని మన ఎండలకు, ఆ క్లచ్చికి సరిపోయే నూనె. మీ మామయ్యగారి వూళ్ళో జనవరి పొద్దుటిపూట అది కదలదు. అంతే.

ఎన్నుకునే పద్ధతి

ఇక మామయ్యగారు నూనె ఎట్లా ఎన్నుకోవాలో వరసగా చెబుతాను.

మొదట, బండితో ఇచ్చిన పుస్తకం తెరవాలి. ఆ ఇంజను చేసినవారికి తెలిసినంతగా దుకాణదారుకు తెలియదు. ఫోర్‌స్ట్రోక్ మంచుబండ్లకు 0డబ్ల్యూ-40 గాని, 0డబ్ల్యూ-30 గాని పోయమని రాయటం పరిపాటి. రెండో అంకె విషయంలో పుస్తకం మాట దాటకూడదు. 30 పోయమన్నచోట 50 పోస్తే బలం పెరగదు.

రెండవది, పుస్తకం రెండు మూడు తరగతులను ఒప్పుకుంటే, మన వూరి సగటు చలి చూడకూడదు. బండిని కదిలించవలసి వచ్చే అతి చల్లని పొద్దుటిపూట ఏదో దాన్ని చూడాలి. సగటున మైనస్ 12 వుండే వూళ్ళో కూడా ఒక రాత్రి మైనస్ 33 కి దిగవచ్చు. నూనె ఆ ఒక్క పొద్దుటికి సరిపోవాలి. నది సగటు లోతు మోకాలి బంటి అని చెబితే ఈత రానివాడు దిగుతాడా? ఇదీ అంతే.

మూడవది, ఎ.పి.ఐ. తరగతి పుస్తకం చెప్పినదానికి తగ్గకూడదు.

నాలుగవది, ధర. పై మూడూ సరిపోయిన నూనెలలో చవకది కొనుక్కోవచ్చు. పై మూడూ సరిపోని నూనె వూరికే ఇచ్చినా పోయకూడదు.

అక్కడి కార్లకు ముందు భాగంలో ఒక కరెంటు తీగ వేలాడుతూ వుంటుంది. రాత్రిపూట దాన్ని ప్లగ్గులో పెడితే ఇంజను వెచ్చగా వుంటుంది. మన కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టటం వంటిదే ఈ ఉపాయం. కాని మంచు మైదానం మధ్య ప్లగ్గు ఎక్కడ వుంటుంది? అక్కడ నూనె ఒక్కటే దిక్కు.

పోసిన తరవాత

మంచి నూనె పోసి మరిచిపోతే చాలదు. నూనె మట్టం చూసే కడ్డీ ఒకటి వుంటుంది. బండిని చదునైన చోట నిలిపి, పుస్తకం చెప్పిన విధంగా చూడాలి. కొన్ని బండ్లలో ఇంజను వేడెక్కిన తరవాత చూస్తేనే మట్టం సరిగా తెలుస్తుంది. తక్కువైతే పంపుకు అందదు. ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను కవ్వంతో చిలికినట్టు చిలికి నురగ చేస్తాయి. నురగ అంటే సగం గాలి. గాలి లోహాన్ని కాపాడలేదు.

మంచుదేశంలో మరొక శత్రువు నీరు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. చల్లటి ఇంజనులో అది బిందువులు కట్టి నూనెలో కలుస్తుంది. బండిని ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తూ వుంటే ఆ నీరు పోదు. నూనె మజ్జిగరంగుకు తిరుగుతుంది. అప్పుడప్పుడు ఇంజను పూర్తిగా వేడెక్కేటంత దూరం నడిపితే నీరు ఆవిరై పోతుంది. పుస్తకం చెప్పిన గడువుకు నూనె మార్చాలి. చలికాలం ముగిసి బండిని మూలపెట్టే ముందు మార్చటం మంచిది. మురికి నూనెలో చేరిన ఆమ్లాలు వేసవి అంతా కూర్చుని లోహాన్ని తింటాయి.

తీసిన పాత నూనెను మంచుమీదా, మట్టిమీదా పారబోయకూడదు. మంచు కరిగితే అది వాగులోకి పోతుంది. ఈ మాట మంచుదేశాలకే కాదు, మన మురుగు కాలవలకూ వర్తిస్తుంది. డబ్బాలో పట్టి, పాత నూనె తీసుకునేవారికి ఇవ్వాలి.

మీరు చేయవలసిన పరీక్ష

నాలుగు చిన్న గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో కొబ్బరినూనె, ఒకదానిలో వేరుశనగనూనె, ఒకదానిలో ఆముదం, ఒకదానిలో తేనె, ఒకే ఎత్తున పోయండి. ఒక్కొక్కదానిలో సైకిలు బేరింగులో వుండే చిన్న ఇనుపగుండు వేసి, అది అడుగుకు చేరేలోపల ఎంత లెక్కపెట్టారో రాసుకోండి. తరవాత అమ్మను అడిగి సీసాలను ఒక రాత్రి ఫ్రిజ్జిలో పెట్టండి. గడ్డకట్టే అర కాదు, కింది అర. తెల్లవారి ఇంకొక గుండు వేసి మళ్ళీ లెక్కపెట్టండి. ఏది మొత్తం గడ్డకట్టింది? ఏది చిక్కబడిందేగాని గడ్డకట్టలేదు? పట్టిక రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.

ఆలోచించండి

1. చీటీలు వూడిపోయిన రెండు డబ్బాలున్నాయి. ఒకటి 0డబ్ల్యూ-40, ఒకటి 20డబ్ల్యూ-40. ఏది ఏదో తెలుసుకోవటానికి నూనెను మరగబెట్టాలా, చల్లబరచాలా?

2. మే నెలలో రామగుండంలో తిరిగే మోటారు సైకిలుకు డబ్బామీది రెండు అంకెలలో ఏది ముఖ్యం?

3. నూనె మట్టం చూసేటప్పుడు బండి చదునైన చోట ఎందుకు వుండాలి?

జవాబులు వచ్చే నెల. అంతవరకు మీ వీధి మెకానిక్కు దుకాణంలో డబ్బాలమీది అంకెలు చదివి, ఏ బండికి ఏది పోస్తున్నారో అడిగి తెలుసుకోండి. మర్యాదగా అడిగితే ఆయన తప్పకుండా చెబుతాడు.